నిష్ప్రతీకారమని ఎవరు చెప్పిరి?

చాతుర్మాస వ్యాఖ్యానములలో అంతగా వినబడని ఒక విషయమును ఇక్కడ విచారింపవలసియున్నది.

రోగము వచ్చినప్పుడు శ్రావకుడు ఎట్లుండవలెనో అందరికిని తెలిసినదే. అశాతా వేదనీయ కర్మము ఉదయమునకు వచ్చినది, దానిని సమభావముతో అనుభవించి తీర్చుకొనవలెను, ఇతరులను నిందింపరాదు. తత్త్వార్థ సూత్రము తొమ్మిదవ అధ్యాయములో చెప్పబడిన 22 పరీషహములలో రోగ పరీషహము 16వది. ఇంతవరకు పాఠశాల పిల్లలును ఒప్పజెప్పగలరు. కాని రోగము పేరు తెలియుటకు ముందు ఒక దశ ఉన్నది. వైద్యుడు రోగిని చూచి, 'లోపల ఏమున్నదో చూడవలెను' అనును. లోపల చూచుట అనగా ఒక సూదియో, ఒక గొట్టమో, బట్టలు విప్పి పరుల ముందు పండుకొనుటయో అయియుండును. రోగమును ఓర్చుకొందునని ధైర్యముగా పలికినవాడు సైతము ఈ మాట వినగానే వెనుకంజ వేయును. సరిగా అప్పుడే అతని నోట వైరాగ్యపు మాటలు బయలుదేరును. అది వైరాగ్యమేనా, లేక భయమే వైరాగ్యపు వస్త్రము కట్టుకొని వచ్చినదా?

క్యాసంబళ్ళి పెద్ద ఊరేమియు కాదు. నేడు కె.జి.ఎఫ్. తాలూకాలో, ఆంధ్ర ఎల్లకు దగ్గరగా ఉన్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మైసూరు రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియై 1947 మొదలు 1952 వరకు పనిచేసిన కె. చెంగలరాయరెడ్డిగారి పేరులోని 'కె' ఈ ఊరి పేరే. ఇంటిలోను అంగడిలోను తెలుగు, కచ్చేరిలో కన్నడము, గనుల వైపు పోయినచో తమిళము, ఇట్లు మూడు భాషలును ఒక్క దినములోనే నోట తిరుగుచుండును. 2001లో బంగారు గనులు మూతపడిన తరువాత ఈ ప్రాంతపు బ్రతుకంతయు రాగి, టొమేటో, పట్టుగూళ్ళు, పాడి వీనిమీదనే నడచుచున్నది.

ఇట్టి ఊరిలో కుదువ అంగడి పెట్టుకొన్న ఒక శ్రావకుని సంగతి ఇది. వయస్సు అరువది ఎనిమిది. ఊరివారికి ఆయన 'సేటు'. పేరు చెప్పవలసిన అవసరము లేదు, ఇట్టివారు ప్రతి సంఘములోను ఉన్నారు. నలువది ఏండ్లుగా ఆయన పని ఒకటే. రైతు భార్య మెడలోనిది తీసి బల్లమీద పెట్టినప్పుడు ఆయన ముందు దానిని గీటురాయిమీద గీయును, తరువాత ఆ గీతమీద ఒక చుక్క ద్రావకము వేయును, రంగు నిలుచునా పోవునా అని చూచును. ఎంత తెలిసినవారైనను సరే, గీయకుండ రూపాయి ఇచ్చినవాడు కాడు. 'నామీద నమ్మకం లేదా సేటూ?' అని ఎవరైన నొచ్చుకొనినచో, 'నమ్మకం నీ మీద ఉండాదమ్మా, బంగారం మీద లేదు' అనును. ఊరిలో అది సామెతవలె నిలిచిపోయినది.

ఆ మనిషికి ఉగాది ముందు నుండియే మలముతో రక్తము పడుచుండెను. ఎవరితోను చెప్పలేదు. మొలలని తనకు తానే పేరు పెట్టుకొని, కారము మాని, మజ్జిగ త్రాగి ఊరకుండెను. శ్రావణము వచ్చునప్పటికి అంగడి మెట్టు ఎక్కుటకు ఆయాసము, ముఖము పాలిపోయెను. పెద్దకొడుకు, 'నాయనా, ఏమిట్ల చిక్కిపోతివి?' అని అడిగినచో, 'చాతుర్మాసం కదరా, ఒంటిపూట తింటాండాను' అని తప్పించెను. ఈ ఒక్క మాటలో రెండు దోషములున్నవి. అబద్ధము ఒకటి. తపస్సు పేరు పెట్టి రోగమును దాచుట రెండవది, అది ఇంకను బరువైనది.

తుదకు కొడుకు బలవంతముమీద రక్తము పరీక్ష చేయించిరి. హీమోగ్లోబిన్ ఏడు గ్రాములుండెను. మగవానికి పదమూడుకు తక్కువ ఉండరాదు. వైద్యుడు చెప్పిన మాట సూటిగా ఉండెను: 'మొలలే కావచ్చు. కాకనూ పోవచ్చు. పెద్దప్రేగు లోపల చూడకుండా నేను చెప్పలేను.' ఆ పరీక్ష పేరు కొలొనోస్కోపీ. మలద్వారము గుండా చిటికెనవ్రేలు లావుగల మెత్తని గొట్టమును లోనికి పోనిచ్చి, దాని కొనయందున్న కెమెరాతో ప్రేగు లోపలి గోడనంతయు చూచుట. గొట్టము పొడవు సుమారు ఒకటిన్నర మీటరు.

సేటు ఇంటికి వచ్చి ఆ రాత్రి పలుకలేదు. మరునాడు పొద్దున, 'నాకు ఏ పరీక్షా వద్దు. అరవై ఎనిమిది ఏండ్లు బతికితిని, చాలు. మహాసతీజీ దగ్గరికి పోయి సంథారా అడుగుతాను' అనెను. ఇంటిలో ఏడ్పులు. సంథారా మాట వచ్చినప్పుడు ఎదురు పలుకుటకు జైన కుటుంబములో ఎవరికిని నోరు రాదు. అది పరమ పవిత్రమైన వ్రతము గనుకనే, దాని నీడలో దాగికొనుటకు భయము ఇష్టపడును.

ఆ చాతుర్మాసమునకు రాబర్ట్‌సన్‌పేటలో సాధ్వీజీలు విరాజమానులై యుండిరి. సేటు కొడుకుతో కూడ పోయి, వందనము చేసి, సుఖశాతా అడిగి, తన కోరిక విన్నవించెను. సనత్కుమార చక్రవర్తి కథను కూడ తానే ఎత్తుకొనెను. ఆ మహానుభావుడు మునియై పదునారు రోగములను ఓర్చుకొనెను గదా, దేవతలు వైద్యుల వేషములో వచ్చి మందిచ్చెదమనినను వద్దనెను గదా, మరి తనకేల ఈ పరీక్షలు అని వాదించెను.

పెద్ద సాధ్వీజీ తొందరపడక అంతయు విని ఒక్కటే అడిగిరి. 'శ్రావకజీ, మీ రోగము నిష్ప్రతీకారమని ఎవరు చెప్పిరి?'

సేటు వద్ద జవాబు లేదు.

ఆ ప్రశ్న ఆమె సొంతముగా కల్పించినది కాదు. సమంతభద్రాచార్యులు శ్రావకాచారమును చెప్పు రత్నకరండకములో సల్లేఖనకు తగిన సందర్భములను ఎంచిరి. ఉపసర్గము, కరవు, ముసలితనము, రోగము. అయితే వీనికి ఒక షరతు జోడించిరి. ప్రతీకారము లేనిదై యుండవలెను. మందు ఉన్న రోగమునకు సల్లేఖన లేదు. ఆ ఆచార్యుల జీవితమునందే దీనికి నిదర్శనము కలదని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయనకు భస్మక వ్యాధి పుట్టినది, ఎంత తినినను ఆకలి తీరదు. మునికి అది నడువని రోగము. సల్లేఖనకు అనుమతి ఇమ్మని గురువును వేడుకొనగా గురువు ఇవ్వలేదు. రోగము కుదురునదే, నీవలన ధర్మమునకు కావలసిన పని ఇంకను ఉన్నదని చెప్పి, ముని వేషము విడిచియైనను రోగము తీర్చుకొని రమ్మని పంపెను. అంతటివాడు వేషము మార్చుకొని, శివాలయములోని నైవేద్యము తిని, రోగము కుదిరిన పిమ్మట మరల దీక్ష గైకొనెను. స్వయంభూ స్తోత్రము ఆ కాలమునందే పుట్టెనని చెప్పుదురు. గురువు ఆనాడు సరే అనియుండినచో ఆ స్తోత్రము లోకమునకు లేదు.

ఇక సనత్కుమారుని సంగతి. ఆయనకు తన ఉమ్మి తడితోనే వ్రేలిని బాగుచేసికొనగల లబ్ధి ఉండెను. చేయి చాచినచో అందునట్టి ప్రతీకారమును విడిచెను. అంతకన్న ముఖ్యము, ఆయన రోగములను దాచలేదు, వాని పేరు వినుటకు జంకలేదు. మందు వద్దనిన ముని వేరు, రోగము పేరు వినుటకే భయపడిన గృహస్థు వేరు. సాధ్వీజీ ఈ మాటను మెత్తగానే చెప్పిరి, కాని సేటు తల దించుకొనెను.

ఇచ్చట ఒక పక్కమాట. రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టు 10న సంథారాను ఆత్మహత్యగా ఎంచి తీర్పు చెప్పినప్పుడు దేశమంతట జైనులు వీధులకు వచ్చిరి. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను. సంథారా ఆత్మహత్య కాదని లోకమునకు చెప్పుటకు జైనుల చేతిలోనున్న గట్టి ఆధారము ఈ నిష్ప్రతీకారమను షరతే. భయముచేతనో, విసుగుచేతనో, ఖర్చుకు వెరచియో మందున్న రోగమునకు సంథారా అడుగువాడు తనకే గాక సంఘమునకును అపకారము చేయుచున్నాడు.

రోగమునకు ప్రతీకారము ఉన్నదో లేదో తేలుట ఎట్లు? పూర్వము వైద్యుడు నాడి చూచి, కన్ను చూచి చెప్పెడివాడు, అంతకన్న సాధనము లేదు. నేడు సాధనమున్నది. పెద్దప్రేగు చివరివరకు గొట్టము పోనిచ్చి చూచుటయే గాక, లోపల మొలచిన చిన్న పిలకలను ఆ గొట్టములోనుండియే తీగెతో కత్తిరించి తీయవచ్చునని 1969లో న్యూయార్కులో షిన్యా, వుల్ఫ్ అను ఇద్దరు వైద్యులు చేసి చూపిరి. అట్టి పిలకలలో కొన్ని ఏండ్ల తరబడి పెరిగి కాన్సరుగా మారును. మొలకనాడు తీసినచో కత్తిరింపుతో పోవును, ముదిరినచో కడుపు కోయవలెను, ఇంకను ముదిరినచో కోసినను లాభముండదు. క్రోధ మాన మాయా లోభములను గూర్చి వ్యాఖ్యానములలో చెప్పు లెక్కయు ఇదే గదా.

సాధ్వీజీ ఆ తరువాత చెప్పినది మహావీరస్వామి చెవుల కథ. శ్వేతాంబర ఆగమ సంప్రదాయములో ఇది ప్రసిద్ధము. సాధనాకాలపు చివరి భాగములో ఒక పసులకాపరి కోపముతో ధ్యానములోనున్న స్వామి రెండు చెవులలోను కర్రమేకులు దిగగొట్టెను, పైకి కనబడకుండ కొనలు విరిచెను. స్వామి ఎవరితోను చెప్పలేదు. మధ్యమ పావా నగరములో సిద్ధార్థుడను వర్తకుని ఇంటికి ఆహారమునకు రాగా, అచ్చటనున్న ఖరకుడను వైద్యుడు ముఖము చూచియే, ఈయన శరీరములో ఎక్కడనో శల్యమున్నదని గుర్తించెను. వర్తకుడును వైద్యుడును ఉద్యానమునకు వెంటపోయి, ఒడలికి తైలము మర్దించి, పట్టుకారులతో రెండు మేకులను ఒక్కసారిగా లాగిరి. సంగమదేవుని ఉపసర్గములకు కదలని స్వామి అప్పుడు గట్టిగా కేక వేసెను. వారు పడిన బాధలన్నింటిలో అది మిక్కిలి కఠినమైనదని శాస్త్రకారులు వ్రాసిరి.

ఈ కథను పర్యూషణములో ఏటేట విందురు. విని, పూర్వభవములో త్రిపృష్ఠ వాసుదేవుడై శయ్యాపాలకుని చెవులలో కరిగిన సీసము పోయించిన కర్మఫలమని తెలిసికొని, అక్కడితో పుస్తకము మూయుదురు. మేకులు దిగగొట్టినవాడు బాధ పెట్టెను, మేకులు లాగినవాడును బాధ పెట్టెను. లాగినప్పటి బాధయే ఎక్కువ. అయినను కాపరికి నరకము, వర్తకునికిని వైద్యునికిని స్వర్గము అని అదే కథ చెప్పుచున్నది. చేతిలోని పరికరము కాదు, మనస్సులోని భావము హింసా అహింసలను తేల్చును. కావున పరీక్ష చేయు వైద్యుని చేతిని హింసగా తలచుట తగదు. మరియొకటి, తీర్థంకరుడే కేక వేసెను. పరీక్షబల్లమీద శ్రావకుడు అబ్బా అనినంతమాత్రమున సమభావము చెడునని సిగ్గుపడనవసరము లేదు. శరీరము అరచును. ఆ అరుపు వెనుక కోపము పుట్టకుండిన చాలును. 'ఎందుకింత సేపు, నాకే ఎందుకు, వీండ్లకు చేతకాదు' అను తలపు పట్టుకొనినచో అదే ఆర్తధ్యానము. దాని నాలుగు భేదములలో వేదనను తలచి తలచి కుములుట ఒకటి.

సేటుకు ఇంకొక చిక్కు మిగిలియుండెను. ఆయనకు చౌవిహారము నియమము. సూర్యుడస్తమించిన తరువాత నీరు కూడ ముట్టడు. ఈ పరీక్షకు ముందు ప్రేగును కడుగుటకు పొడి కలిపిన నీరు లీటర్లకొలది త్రాగవలెను. చాలచోట్ల సగము ముందునాటి రాత్రి, సగము తెల్లవారుజామున త్రాగుమందురు. ముప్పది ఏండ్ల నియమము ఒక్క రాత్రిలో పోవలసినదేనా అని ఆయన కండ్ల నీరు పెట్టుకొనెను. ఈ బాధను చిన్నచూపు చూడరాదు. వైద్యులకు ఇది తెలియదు, తెలుపవలసిన బాధ్యత ఇంటివారిది.

దీనికి రెండు దారులున్నవి. మధ్యాహ్నము పైన పరీక్ష పెట్టించుకొనినచో, పలువురు రోగులకు ఆ నీరంతయు అదే దినము ఉదయముననే త్రాగుటకు వైద్యులు ఒప్పుకొందురు. నవకారసీ వేళ దాటిన తరువాత కాచి చల్లార్చిన నీటిలో పొడి కలిపి త్రాగవచ్చును, వైద్యుడు చెప్పిన గంటకు ఆపవలెను. అడుగవలెను, అంతే. అడుగక లోలోపల కుములువారే ఎక్కువ. వైద్యుడు వీలుపడదనినచో రెండవ దారి ప్రత్యాఖ్యానములోనే ఉన్నది. పచ్చక్ఖాణము ఇచ్చునప్పుడు చెప్పు ఆగారములలో సర్వసమాధి కొరకు విడిచిన ఆగారమొకటి కలదు. తీవ్రరోగమున చిత్తసమాధి చెడకుండ ఔషధము పుచ్చుకొనినచో వ్రతము భంగము కాదని దాని భావము. పూర్వాచార్యులు మనుష్యుని ఎరిగినవారు, తలుపు లేని గోడ కట్టలేదు. ఎవరి నియమమెట్టిదో వారి వారి గురువుగారిని అడిగి నడచుకొనుట మంచిది.

ఆహారము సంగతి అంత కష్టము కాదు. ముందునాడు పీచు, ఆకుకూర, గింజలు విడిచి, తెల్లని అన్నము, పలుచని పప్పుకట్టు, మజ్జిగ వంటివి పుచ్చుకొనుమందురు. పర్వతిథులలో పచ్చికూర విడుచు ఇంటికి ఇది కొత్త కాదు. అయితే పరీక్ష కొరకు కడుపు ఖాళీగా ఉంచుటను ఉపవాసముగా లెక్క వ్రాసికొనరాదు. ప్రత్యాఖ్యానము లేనిదే తపస్సు లేదు. మధుమేహపు మందు, రక్తము పలుచబడు మందు వాడువారు మాత్రము ఆ సంగతి ముందుగా చెప్పితీరవలెను.

సేటు వేలూరు పోవుటకు ఒప్పుకొనెను. కోలారు జిల్లావారికి బంగారుపేటలో రైలెక్కి జోలార్‌పేట మీదుగా కాట్పాడిలో దిగుట పాత అలవాటే. ఆ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి పుట్టుక కథ కూడ ఈ విషయమునకు సంబంధించినదే. అమెరికా మిషనరీ వైద్యుని కుమార్తె ఐడా స్కడర్ యువతిగా తిండివనములో తండ్రి ఇంట ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవారు వేర్వేరుగా వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలకు సాయము చేయుమని ఆమెను వేడుకొనిరి. ఆమె వైద్యము చదువలేదు. తండ్రిని పంపెదననగా మగవైద్యుడు తాకరాదని ముగ్గురును తిరిగిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ రాత్రియే ఆమెను వైద్యము చదివించినది. 1900లో వేలూరు వచ్చి చిన్న గదిలో వైద్యము ప్రారంభించెను. 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల తెరచెను.

ఆ ముగ్గురును రోగముచేత చనిపోయిరా, సిగ్గుచేత చనిపోయిరా? నూరేండ్లు దాటినను వర్తకుల ఇండ్లలో ఈ సిగ్గు చావలేదు. సేటు మలరక్తమును ఆరు నెలలు దాచెను. ఆయన వంటి పెద్దల ఇండ్లలో కోడండ్లు రొమ్ములోని గడ్డను పండుగ దాటనిండు, పెండ్లి దాటనిండు అని ఏడాది దాచుచున్నారు. గురువు ముందు ఆలోచన చేయునప్పుడు చిన్న దోషము చెప్పి పెద్దది దాచినచో అది మాయాశల్యమని తెలిసినవారే, వైద్యుని ముందు దగ్గు చెప్పి రక్తము దాచుదురు.

ఆసుపత్రి వరండాలో సేటు ప్రక్క బెంచీమీద ఒక ముసలివాడు కూర్చుండెను. మాటలలో తెలిసినదేమనగా అతడు ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసి, గని మూతపడగా ఇంటపడినవాడు. పలుగురాళ్ళ ధూళి ఏండ్లకొలది పీల్చిన గనివారి ఊపిరితిత్తులలో ఆ ధూళి మచ్చలై గట్టిపడును. సిలికోసిస్ అందురు. గని మూసినను ధూళి లోపలనే ఉండును. అతనికి ఆ దినము ముక్కుగుండా ఊపిరితిత్తులలోనికి గొట్టము వేసి చూడవలసియుండెను. వెంట ఎవరును రాలేదు. మత్తు సూది ఇచ్చు పరీక్షకు తోడు మనిషి ఉండవలెను. సేటు, 'భయం లేదా నీకు?' అని అడుగగా అతడు నవ్వి, 'సేటూ, మూడువేల మీటర్లు భూమి లోపలికి దిగినోణ్ణి. ఈ గొట్టం ఎంతవరకు దిగుతుంది?' అనెను. దగ్గు వచ్చి నవ్వు ఆగిపోయెను.

సేటు చిన్నకొడుకును ఆ ముసలివానికి తోడుంచి, పెద్దకొడుకును తనకుంచుకొనెను. రోగులకు సేవచేయు వైయావృత్యము అంతరంగ తపస్సులలో ఒకటి. ఔషధదానమనగా మందుల చీటీకి డబ్బు కట్టుట అని మాత్రమే తలచుచున్నారు. వరండాలో రెండు గంటలు కూర్చుండుట, పిలుపు వచ్చినప్పుడు చెప్పులు పట్టుకొనుట, మత్తు దిగువరకు చేయి పట్టుకొనుట, ఇవియు ఔషధదానములే. సంఘములు భవనములకు పలకలు వేయించుటలో చూపు ఉత్సాహములో పదవ వంతు దీనికి చూపినచో బాగుండును.

పరీక్ష జరిగిన విధము చెప్పుటకు ఎక్కువ లేదు. ఉదయముననే త్రాగిన నీరు ఉప్పగా, వెగటుగా ఉండెను. నాలుగవ గ్లాసు దగ్గర వాంతి వచ్చినట్లయ్యెను, మరుగుదొడ్డికి ఎన్నిమారులు పోయెనో లెక్క లేదు. తుదకు స్వచ్ఛమైన నీరు పడువరకు పోవలెను. నిజమునకు పరీక్షకన్న ఈ కడుగుటయే ఎక్కువ కష్టము. వెనుక చీలికగల అంగీ తొడిగి, ఎడమ ప్రక్కకు తిప్పి మోకాళ్ళు ముడిపించి పండబెట్టిరి. మత్తు సూది వేసిరి. లోపల గాలి నింపినప్పుడు కడుపు ఉబ్బి మెలిపెట్టినట్లయ్యెను, సేటు ఒకటి రెండుమారులు మూలిగెను. నవకార మంత్రము మొదలుపెట్టి మూడవ పదము దగ్గర ఎన్నిమారులు తప్పెనో ఆయనకే తెలియదు. అనుమానమున్నచోట చిన్న ముక్క గిల్లి తీసిరి. ప్రేగు లోపలి పొరకు గిల్లుడు నొప్పి తెలియదు గనుక అది ఆయనకు తెలియలేదు. అరగంటలో ముగిసెను. ఆరు నెలలు భయపడినది ఈ అరగంటకే.

ముక్క పరీక్షకు కొన్ని దినములు పట్టును. ఆ దినములు పరీక్షకన్న బరువైనవి. శరీరము చేయవలసినదేమియు లేదు, మనస్సు మాత్రమే మిగులును. కాయోత్సర్గము ఇట్టి వేళకే ఉన్నది. సేటు రోజుకు రెండు సామాయికములు చేసెను. కొన్నిటిలో మనస్సు నిలిచెను, కొన్నిటిలో గడియారమువైపే పోయెను.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ప్రతి పరీక్షకును తల యొగ్గుటయే ధర్మమని అర్థము చేసికొనరాదు. తొంబది ఏండ్లు దాటి, మంచము దిగలేక, ఏ శస్త్రచికిత్సకును తాళలేని పెద్దవారికి గొట్టములు వేయించుట కొన్నిమారులు పిల్లల ఊరటకే గాని రోగి మేలుకు కాదు. అట్టిచోట వైద్యుని అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: 'ఈ పరీక్షలో ఏమి తేలినను మీరు చేయు వైద్యము మారునా?' మారదనినచో వద్దనుట భయము కాదు, వివేకము. ప్రతీకారము లేదని తేలినచో నొప్పి తగ్గు మందులు పుచ్చుకొనుచు, క్షమాపనలు చెప్పుకొని, గురువుల ఆజ్ఞ ప్రకారము ముందుకు పోవు దారి ఎప్పుడును తెరచియే ఉన్నది. సాధ్వీజీ సేటుకు ఆ దారి మూయలేదు. దానికి ముందున్న మెట్టు ఎక్కి రమ్మనిరి, అంతియే.

హరిభద్రసూరి ధర్మమును కూడ బంగారమువలె పరీక్షింపవలెననెను. గీటు, కోత, పుటము అని మూడు విధములు చెప్పెను. సాధ్వీజీ దీనిని సేటుతో చెప్పగా, ఆయన మొదటిసారి నవ్వెనట. 'నా అంగట్లో రెండే చేస్తాను మహాసతీజీ, పుటం పెట్టను' అనెనట.

ఎనిమిదవ దినమున వైద్యుడు కాగితము చూచి చెప్పెను. కాన్సరే. ప్రేగు ఎడమ భాగములో ఉన్నది. తక్కిన స్కానింగులలో కాలేయమునకు గాని ఊపిరితిత్తులకు గాని ప్రాకినట్లు కనబడలేదు. ఆ భాగము కోసి తీయవచ్చును. ఇంకను ఆరు నెలలు ఆగినచో ఈ మాట చెప్పగలిగియుండునో లేదోననెను. పెద్దకొడుకు ఏడ్చెను. సేటు మాత్రము, 'అయితే ప్రతీకారం ఉండాదన్నమాట' అని రెండుమారులు తనలో తాననుకొని, ఎంత ఖర్చగును, ఎన్ని దినములు పట్టును అని అంగడి లెక్కవలె అడుగ మొదలుపెట్టెను.

శస్త్రచికిత్సకు పోవుటకు ముందునాడు క్యాసంబళ్ళిలో అంగడి తెరచి, కుదువ చీటీలన్నియు ఒకమారు సరిచూచెను. ఇంటిలో అందరితోను మిచ్ఛామి దుక్కడం చెప్పుకొనెను. పరీక్ష అయిన దినమున ఆ గనివానికి ఏమి తేలెనో చిన్నకొడుకును అడిగి తెలిసికొని, అతని మందుల ఖర్చును చిట్టాలో తన పేరిటనే వ్రాయించెను. పిమ్మట గీటురాయిని గుడ్డతో తుడిచి చిన్నకొడుకు చేతికిచ్చి, 'తెలిసినోళ్ళదైనా సరే, గీసి చూడు' అని చెప్పి, బంగారుపేట బస్సు ఎక్కెను.